మిల్లు ఆగిన రోజు

మా పెద్దనాన్న పోయిన నాలుగో రోజున పరామర్శకు వచ్చిన ఇద్దరు పెద్దమనుషులు, వెళ్లేటప్పుడు వాకిట్లో చెప్పులు తొడుక్కుంటూ రెండు మాటలు మాట్లాడుకున్నారు.

"మంచోడుండె పాపం, కుట్టుమిషన్ సార్" అన్నాడు ఒకాయన.

"గా పెట్టె ఇంకా ఇంట్లనే ఉన్నట్టుంది" అన్నాడు రెండో ఆయన.

ఇద్దరిలో ఎవరూ నవ్వలేదు. బాధగానే అన్నారు. కానీ లోపల గోడకు ఆనుకుని కూర్చున్న మా పెద్దమ్మ ఆ మాట వింది.

పెద్దనాన్న ఎన్నడూ కుట్టుమిషన్ తొక్కలేదు. బాన్సువాడలో ఆయన టైపు ఇన్‌స్టిట్యూట్ నడిపాడు. ఇంటి ముందుగదిలో వరసగా టైపు మిషన్లు, వాటి ముందు పిల్లలు, వాళ్ల చేతుల మీద గుడ్డ కప్పి నిలబడే ఆయన. వేళ్లు చూసుకోకుండా కొట్టాలి. కాగితం తీసి చూసి ఒక్క తప్పు కనిపించినా ఆయన అనేది ఒకటే మాట: "మళ్లా కొట్టు." తిట్టేవాడు కాదు, మెచ్చుకునేవాడూ కాదు. ఈ తాలూకాలో గుమాస్తా ఉద్యోగాలు చేసి రిటైరైన చాలామంది ఆ గదిలో ఆ మాట పడ్డవాళ్లే.

కుట్టుమిషన్ పేరు వేరే దారిన వచ్చింది. టైపు మిషన్లే తెలిసిన రోజుల్లో ఆయన హైదరాబాద్ వెళ్లి, కోఠిలో పాత సామాన్లు అమ్మేచోట ఒక కంప్యూటర్ కొనుక్కొచ్చాడు. చేత్తో మోసుకుపోయే రకం. మూత పెడితే అచ్చం పెట్టెలో పెట్టిన కుట్టుమిషన్ లాగే ఉంటుంది, పైన పట్టుకునే పిడితో సహా. ముహూర్తం పెట్టి, నలుగురిని పిలిచి, కొబ్బరికాయ కొట్టి స్విచ్చు వేస్తే తెర మినుకుమని ఆరిపోయింది. మళ్లీ వేస్తే మళ్లీ ఆరిపోయింది. జనంలోంచి ఎవరో, "సార్ కుట్టుమిషన్ తెచ్చిండుర బై" అన్నారు. ఆ ఒక్క మాట ముప్పై ఏళ్లకు పైగా ఆయన పేరుకు ముందు అతుక్కుని ఉండిపోయింది.

ఆ సాయంత్రం పెద్దమ్మ నన్ను పిలిచింది. వాళ్లకు పిల్లలు లేరు. ఇలాంటి పనులన్నీ నావే.

"బిడ్డా, దినాలకు ఫ్లెక్సీ కట్టిస్తరు గదా?"

"కట్టిస్తం పెద్దమ్మా."

"దాని మీద ఒక్క ముక్క రాయించు. బాన్సువాడకు మొట్టమొదటి కంప్యూటర్ తెచ్చింది మీ పెద్దబాపే అని. పెద్దగ రాయించు. కుట్టుమిషన్ అన్న పేరు ఆయనతోనే పోవాలె ఇగ."

మా ఊళ్లో మనిషి పోతే బస్టాండ్ చౌరస్తాలో ఫ్లెక్సీ కడతారు. ఫోటో, కన్నీటి నివాళి, దినాల తేదీ, కింద ఇంటివాళ్ల పేర్లు. గాలికి చిరిగే దాకా అది అక్కడే ఉంటుంది. మద్నూర్ వైపు వెళ్లే బస్సు కోసం నిలబడ్డవాళ్లు, నిజాంసాగర్ నుంచి వచ్చి దిగినవాళ్లు అందరూ దాన్ని చదువుతారు. చాలామందికి ఆ మనిషి గురించి చివరగా తెలిసేది ఆ నాలుగు వాక్యాలే. పెద్దమ్మ అడిగింది చిన్న కోరిక కాదని నాకు తెలుసు. పైగా దినాలయ్యేదాకా ఆమె గడప దాటకూడదు. ఎవరితో వాదించాలన్నా నేనే వాదించాలి.

వాదించాల్సిన మనిషి ఒక్కడే ఉన్నాడు. మా ఊళ్లో పెద్ద ఫ్లెక్సీలు కొట్టే మిషన్ ఉన్నది ఆయన దగ్గరే. ఆయన దుకాణం షట్టర్ మీద ఎర్ర రంగుతో 'బాన్సువాడలో మొట్టమొదటి కంప్యూటర్ సెంటర్' అని ఉంటుంది.

ఆయన ఒకప్పుడు పెద్దనాన్న శిష్యుడే. పెద్దమ్మను అక్క అంటాడు. ఆ వరసన నాకు మామ. నేను వెళ్లేసరికి ఏదో పెళ్లి ఫ్లెక్సీలో పెళ్లికొడుకు ముఖం తెల్లగా చేస్తున్నాడు.

"రా అల్లుడా. సార్ ఫోటో తెచ్చినవా? ఏ సైజు?"

"ఎనిమిది ఆరు మామా."

పెద్దనాన్న ఫోటో ఎక్కించాడు. కాసేపు దాన్నే చూశాడు. తర్వాత నేను చెబుతుంటే కొట్టడం మొదలుపెట్టాడు. ఇప్పటికీ వేళ్లు చూసుకోడు. పేరు, తేదీ, ఊరు అయ్యాయి. 'బాన్సువాడకు మొట్టమొదటి కంప్యూటర్' దగ్గరికి వచ్చేసరికి వేళ్లు ఆగాయి.

"గిది నడవది అల్లుడా."

"ఎందుకు నడవది?"

"బస్టాండ్ కాడ సార్ ఫ్లెక్సీ. దానికి ఎదురుంగ నా షట్టర్. రెండిట్ల ఒకటి అబద్ధమైతది. నన్ను అబద్ధపోన్ని చేసే ఫ్లెక్సీ నేనే కొట్టాల్నా?"

"పెద్దబాపు ముందుగాల తెచ్చిండు గదా మామా."

"తెచ్చిండు. నేను కాదంటలేను. తెచ్చుడు వేరు, నడుసుడు వేరు. బండి కొని పెరట్ల వెట్టుకున్నోడు డ్రైవరైతడా? నాది నడిచింది. దీపావళి నాడు పూజ చేసి బటన్ నొక్కిన, ఊరంత చూసిండ్రు."

"మరి పెద్దబాపుది ఒక్కసారన్న నడిచి ఉంటే?"

ఆయన కుర్చీ తిప్పి నా వైపు చూశాడు. "నడిచిందని చూపియ్యి. నేనే మీ ఇంటికొచ్చి అక్క ముంగట ఒప్పుకుంట. సార్ మీద నాకు కోపం లేదు బిడ్డా. కానీ నా బతుకంత గా షట్టర్ మీదున్నది."

ఆయన మాటలో తప్పేమీ లేదనిపించి తిరిగి వచ్చాను.

నేను ఎలక్ట్రానిక్స్‌లో డిప్లొమా, ఆపైన ఇంజనీరింగ్ చదివాను. ల్యాప్‌టాప్‌లు బాగుచేసే దుకాణం నడుపుతాను. ఏ విషయాన్నయినా వరస పెట్టి రాసుకుంటే తప్ప నాకు అర్థం కాదు. ఆ రాత్రి భోజనాలయ్యాక ఫోనులో రాసుకున్నాను: మొదట కొన్నవాడు. మొదట ఊళ్లోకి తెచ్చినవాడు. మొదట నడిపినవాడు. మొదట నలుగురి ముందు నడిపినవాడు. మొదట దానితో ఇంకొకరికి పని చేసిపెట్టినవాడు. మొదటి రెండూ పెద్దనాన్నవి. చివరి రెండూ మామవి. మధ్యదే తేలలేదు.

ఇది మా ఊరి తగాదా మాత్రమే కాదు. మోసుకుపోగల కంప్యూటర్లలో ప్రపంచంలో మొదటిది ఏదని అడిగితే ఇవాళ్టికీ ఒక్క జవాబు రాదు. ఒకటి అందరికంటే ముందు తయారైంది, కానీ ప్రయోగశాల దాటి బజారుకు రాలేదు. ఒకటి బజారుకు వచ్చింది, కానీ దాన్ని ఎత్తాలంటే నడుము గట్టిగా ఉండాలి. ఒకటి చాలామంది కొన్నారు, చేత్తో పట్టుకుని ఊళ్లు తిరిగారు. అయితే అందులో బ్యాటరీ లేదు, గోడకు ప్లగ్గు దొరికితేనే పని. ఒకదానికి బ్యాటరీ ఉంది, తెర మీద మాత్రం నాలుగు వరసలే పడతాయి. పుస్తకంలా మడిచేది ఇంకొకటి. ఒక్కొక్కరూ తమ యంత్రంలో ఉన్న గుణాన్ని 'మొదటి' అన్న మాటకు ముందు చేర్చుకుంటారు. బ్యాటరీతో మొదటిది, మడిచేవాటిలో మొదటిది, అమ్మినవాటిలో మొదటిది. అలా చేర్చుకుంటూ పోతే ఎవరూ ఓడరు. చదువుకునే రోజుల్లో ఈ తగాదాలు నాకు సరదాగా ఉండేవి. వాటి వెనక కూడా ఎవరో ఒక మనిషి గోడకు ఆనుకుని కూర్చుని ఉండి ఉంటుందన్న ఆలోచన అప్పట్లో రాలేదు.

మర్నాడు అటక మీద నుంచి పెట్టె దింపాను. పన్నెండు పదమూడు కిలోలు ఉంటుంది. దింపుతుంటే పెద్దమ్మ, "నిదానం, నిదానం" అంటూ రెండు చేతులూ చాపింది.

"హైదరాబాద్ నుంచి గిట్లనే తెచ్చినం. బస్సు మీద వేస్తే దెబ్బ తాకుతదని మీ పెద్దబాపు వెయ్యనియ్యలే. కింద వెడితే అదురుతదన్నడు. దారంత నా ఒళ్లెనే. మెదక్ దాటేసరికి కాళ్లు తిమ్మిరెక్కినయి. కండక్టర్ సూసి, పసిపిల్లనా అమ్మా అనడిగిండు."

మూత విప్పాను. మూతే కీబోర్డు. లోపల ఎడమవైపు అరచేతి కంటే కాస్త పెద్దదైన తెర, పక్కనే ఫ్లాపీలు పెట్టే రెండు అరలు. బ్యాటరీ లేదు. ధూళి కూడా పెద్దగా లేదు. ఏటా దసరాకు ఇల్లు దులిపినప్పుడు పెద్దమ్మ దీన్ని కూడా తుడిచి పెట్టేదట.

ఇన్నేళ్లు పడుకున్న యంత్రానికి వెంటనే కరెంటు ఇస్తే కాలిపోతుంది. అందుకని పవర్ సప్లై విప్పి, ఉబ్బిన కెపాసిటర్లు తీసి కొత్తవి వేశాను. డ్రైవుల్లో గట్టిపడ్డ గ్రీజు తుడిచి నూనె వేశాను. పవర్ సప్లైని ఒక్కదాన్నే విడిగా పరీక్షించాను, సరిగ్గా ఉంది. యంత్రాన్ని మాత్రం వెలిగించలేదు. ముందే నడిపి చూసుకుని, తర్వాత మామను పిలిస్తే అది సాక్ష్యం అనిపించుకోదు. నడిచినా, నడవకపోయినా ఆయన కళ్లముందే జరగాలి.

ఫ్లాపీలు అడిగితే పెద్దమ్మ తన ట్రంకుపెట్టె తెరిచింది. కలరా ఉండల వాసన కొట్టే రవికెగుడ్డల మధ్య నుంచి కాగితపు తొడుగుల్లో ఉన్న రెండు ఫ్లాపీలు తీసి ఇచ్చింది. ఒకటి యంత్రాన్ని నడిపేది. రెండోది రాసుకున్నవి దాచుకునేది.

నా ఆశంతా ఆ రెండోదాని మీద ఉంది. కంప్యూటర్‌లో ఏది రాసి దాచినా పక్కన తేదీ పడుతుంది. పెద్దనాన్న ఒక్క అక్షరం రాసి దాచినా, మామ దీపావళి కంటే ముందు తేదీ దాని పక్కన ఉంటుంది. ఇక వాదన అక్కరలేదు.

కబురు పెడితే మర్నాడు మధ్యాహ్నం మామ వచ్చాడు. చెప్పులు వదిలి, పెద్దనాన్న ఫోటోకు దండం పెట్టి, పెద్దమ్మకు కాస్త దూరంగా చాప మీద కూర్చున్నాడు.

"ఇన్ని రోజులకు తెలిసిందా తమ్మీ, ఇల్లు?" అంది పెద్దమ్మ.

"ముందుగాల్నే ముఖం చెల్లలే అక్కా, మీదికెళ్లి గీ ఫ్లెక్సీ ముచ్చట."

"చాయ్ తాగుతవా?"

"ముందుగాల గిది కానియ్యి" అన్నాడు పెట్టెను చూపిస్తూ. "గీ గదిలనే ఆరిపోయింది గప్పుడు. నేను గా కిటికీ కాడ నిలబడ్డ."

స్విచ్చు వేశాను. ఫ్యాను తిరిగింది. డ్రైవులో చిన్న ఎర్రదీపం వెలిగి, లోపల ఏదో గీరినట్టు చప్పుడైంది. తెర మీద ఆకుపచ్చ అక్షరాలు వచ్చాయి, ఆరిపోలేదు.

మామ చాప మీద నుంచి ముందుకు జరిగాడు. "వారీ" అన్నాడు మెల్లగా.

యంత్రం ఒక ప్రశ్న అడిగి ఆగింది. నేను కొట్టబోతుంటే పెద్దమ్మ, "ఏమడుగుతుంది?" అంది.

"తేదీ అడుగుతుంది పెద్దమ్మా. అప్పటి కంప్యూటర్లకు గడియారం ఉండదు. పెట్టినప్పుడల్లా మనమే చెప్పాలి."

"ఆయనను గూడ అడిగింది" అంది. అప్పుడు ఆ మాటను నేను పట్టించుకోలేదు.

ఇవాళ్టి తేదీ కొట్టి, రెండో ఫ్లాపీలో ఏముందో చూపించమన్నాను. చాలాసేపు గీరి గీరి ఒకే ఒక్క వరస చూపించింది. ఒక్కటే రాత. పక్కన తేదీ. మామ కళ్లద్దాలు సర్దుకుని చదివాడు.

"జనవరి ఒకటి, ఎనభై. గిదేంది అల్లుడా? ఎనభైల గీ పెట్టె పుట్టనే లేదు గదా!"

ఆ తేదీ ఏమిటో నాకు తెలుసు. తేదీ అడిగినప్పుడు ఏమీ చెప్పకుండా ఉత్తగా నొక్కితే, యంత్రం తనకు తెలిసిన క్యాలెండర్‌లో మొట్టమొదటి రోజు వేసుకుంటుంది. పెద్దనాన్న తేదీ కొట్టలేదు. అదే వాళ్లకు చెప్పాను.

"అయితే సార్ బాన్సువాడల్నే కాదు, దునియాలనే ఫస్టు" అన్నాడు మామ. అని, పెద్దమ్మ ముఖం చూసి తల దించుకున్నాడు. "ఊకె అన్న అక్కా. మనసుల వెట్టుకోకు."

"ఆయనకు మర్చిపోయే గుణం లేదు గదా. ఎందుకు కొట్టలేదో" అన్నాను నేను, ఎవరితోనో కాదు, నాతోనే.

"మర్చిపోలే" అంది పెద్దమ్మ. "గా తేది కొట్టనన్నడు."

ఇద్దరం ఆమె వైపు తిరిగాం.

"పెత్రమాస గా దినం, పెద్దల అమాస. గునుగు పువ్వుకు రంగు అద్దుకుంట కూసున్న నేను, సాయంత్రం ఎంగిలిపూల బతుకమ్మ ఉంటదని. మీ పెద్దబాపు పెద్దలకు బియ్యమిచ్చి వచ్చిండు. గీ గదిల కరెంటు బుగ్గ ఎప్పుడు గుడ్డిగ ఉంటుండె, గా దినం మస్తు తెల్లగ ఎలిగింది. కరెంటు మంచిగున్నది, నీ పెట్టె ఒకసారి వెట్టి చూపియ్యి అన్న. నేనే అన్న. పెత్రమాస నాడా, వద్దన్నడు. చూసుడే గదా, మొదలువెట్టుడు గాదు గదా అన్న. ఆయనకు గూడ పాణం గుంజుతుండె. వెట్టిండు. ఎలిగింది. గంటసేపు ఎలిగింది."

"గంటసేపా?" అన్నాడు మామ.

"తేది అడిగితే, పెద్దల అమాస తేది దీంట్ల రాయను, మంచి దినం చూసి మొదలువెడ్తం అన్నడు. ఎవ్వలకు చెప్పొద్దన్నడు. పెత్రమాస నాడు మొదలైన మిషన్ మీదికి పిల్లలను ఎవలు తోలుతరు? తర్వాత ముహూర్తం నాడు ఆరిపాయె. ఆయన నన్ను ఒక్క మాట అనలే. కానీ పెట్టె మూసేటప్పుడు నా దిక్కు చూసిండు. పెత్రమాస నాడు ముట్టినందుకే గిట్లయిందని ఆయన మనసుల ఉండె. నా మనసుల గూడ అదే ఉన్నది."

నేను నా అలవాటు కొద్దీ అన్నింటినీ వరసలో పెట్టుకుంటున్నాను. పెత్రమాస నాడు వెలిగింది. ముహూర్తం రోజు ఆరిపోయింది. పెత్రమాస నాడు బుగ్గ తెల్లగా వెలిగింది. అన్ని రోజులూ గుడ్డిగా ఉండే బుగ్గ.

"పెద్దమ్మా, అప్పుడు ఇంటి వెనక బియ్యం మిల్లు ఉండె కదా?"

"ఉండె. ఇప్పుడు ఫంక్షన్ హాల్ అయింది."

"మిల్లు రోజూ నడుస్తుండెనా?"

"రోజు నడుస్తుండె. చెవులు పోతుండె. అమాసకే బంద్. అమాస నాడు మిషన్లకు కొబ్బరికాయ కొట్టి బంద్ వెడ్తుండ్రి."

నేను చెప్పాను. ఆ సందు మొత్తానికి ఒకే కరెంటు తీగ. మిల్లు మోటార్ తిరిగినంత సేపు ఇళ్లకు వోల్టేజీ అందేది కాదు. బుగ్గకైతే గుడ్డిగానైనా వెలగడం తెలుసు. ఈ పెట్టెకు అలా తెలియదు, తగ్గితే ఆరిపోతుంది. అమావాస్య నాడు మిల్లు ఆగింది గనుక వెలిగింది. ముహూర్తం రోజు మిల్లు తిరుగుతోంది గనుక ఆరిపోయింది. అంతే. పెట్టెలో ఏ లోపమూ లేదు, ఆ రోజులో కూడా.

పెద్దమ్మ నా వైపు తిరిగింది. "అంటే నేను అడిగినందుకు గాదా?"

"కాదు పెద్దమ్మా. మిల్లు."

"మిల్లు" అంది. చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన ఉండగా నేను ఎన్నోసార్లు ఈ ఇంటికి వచ్చాను. ఆ పెట్టె అటక మీద ఉందని నాకు తెలుసు. ఆయన దాని గురించి మాట్లాడడు గనుక నేనూ అడగలేదు.

మామ ఉన్నట్టుండి మోకాలి మీద చరుచుకున్నాడు. "వారీ అల్లుడా! నేను మొదలువెట్టింది దీపావళి నాడు గదా. అది గూడ అమాసనే!"

"అవును."

"నా దుకాణం గూడ గప్పుడు గీ సందులనే ఉండె. తెల్లారి బటన్ నొక్కితే నాది గూడ ఆరిపోయింది. సార్ లెక్క కావొద్దని నిజామాబాద్ పోయి స్టెబిలైజర్ తెచ్చుకున్న. గా సంగతి ఎవ్వలకు చెప్పలే." పెద్దమ్మ వైపు తిరిగాడు. "కుట్టుమిషన్ అన్నది నేనే అక్కా. కిటికీ కాడికెళ్లి. పిల్లగాని తనం. గింత దూరం వస్తదనుకోలే."

"ఎర్కే నాకు" అంది పెద్దమ్మ. "ఆయనకు గూడ ఎర్కే. నీ గొంతు ఆయనకు తెల్వదా?"

మామ తెర వైపు తిరిగాడు. "దాంట్ల ఏం రాసిండు సార్? తెరువు అల్లుడా" అన్నాడు.

తెరిచాను. రెండే వరసలు. టైపు నేర్చుకునేవాళ్లు మొదటిరోజు కొట్టే అక్షరాలు, చిటికెన వేళ్ల నుంచి మొదలుపెట్టి వరసగా కొట్టేవి. పై వరస ఒక్క తప్పు లేకుండా, సమానమైన ఎడంతో ఉంది. కింది వరసలో అవే అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉన్నాయి. ఒకచోట ఒకే అక్షరం పొడుగ్గా పడింది, నొక్కిన వేలు తీయకపోతే పడినట్టు.

"పైది సార్‌ది. మరి గీ కిందిది?" అన్నాడు మామ.

"నాది" అంది పెద్దమ్మ. "కూసుండవెట్టి కొట్టుమన్నడు. వేళ్లకు గునుగు రంగు ఉన్నది, అంటుతదన్న. అంటనీ అన్నడు."

నేను కీబోర్డు మీదికి వంగాను. ఒకటి రెండు మీటల అంచుల్లో ఏదో గులాబి రంగు మరక ఉంది. అది గునుగు రంగో, ఇన్నేళ్ల పాత ప్లాస్టిక్ రంగు మారిందో నేను నిర్ధారించలేను.

మామ లేచాడు. "అక్కా, నేనన్న మాట మీద ఉంట. గా పెత్రమాస తేది లెక్క తీస్త. ఫలానా తేది నాడు బాన్సువాడల మొట్టమొదటి కంప్యూటర్ నడిపిండు అని ఫ్లెక్సీ మీద వేస్త. నా షట్టర్ మీద రంగు కొట్టిస్త. సరేనా?"

ఆమె అడిగిందానికంటే అది ఎక్కువ. నేను ఆమె వెంటనే ఒప్పుకుంటుందనే అనుకున్నాను.

"వద్దు తమ్మీ."

"ఎందుకక్కా?"

"మిషన్ అడిగితేనే చెప్పలే ఆయన గా తేది. బతికినన్ని రోజులు నోట్లెకెళ్లి రానియ్యలే. ఇప్పుడు బస్టాండ్ల రాయిస్తే ఆయనకు మంచిగుంటదా?"

"తేది లేకుండ మొట్టమొదటి అని వేస్త."

"నీ షట్టర్ నీకే ఉండనీ. నువ్వు గూడ అమాస నాడే మొదలువెట్టినవు, నీది దీపావళి, పండుగ. ఆయనది పెత్రమాస. అంతే. నువ్వు చూసినవు గదా ఎలిగింది. చాయ్ తాగి పో" అంది.

ఆయన చాయ్ తాగాడు. పోయేముందు ఫోను తీసి, వెలుగుతున్న తెరకు ఫోటో తీసుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు.

దినాలకు ముందురోజు పొద్దున ఫ్లెక్సీ కట్టారు. చౌరస్తాకు వెళ్లి చూశాను. ఎడమవైపు పెద్దనాన్న ఫోటో. పేరు. కన్నీటి నివాళి. కంప్యూటర్ గురించి ఒక్క మాట లేదు. ఆ వాక్యం ఉండాల్సిన కుడివైపు చోటంతా మామ ఆ పెట్టె ఫోటో వేశాడు. మూత తెరిచి, తెర వెలుగుతూ, ఆకుపచ్చటి రెండు వరసలతో. ఒక్కో అక్షరం జానెడంత ఉంది. బోధన్ బస్సు కోసం నిలబడ్డ ఇద్దరు ముసలివాళ్లు దాన్నే చూస్తున్నారు.

"సార్ పెట్టె గదా అది" అన్నాడు ఒకాయన. "ఎలుగుతుందేందిరా?"

"ఎలిగేదే కావొచ్చు" అన్నాడు రెండో ఆయన.

ఎదురుగా మామ షట్టర్ ఇంకా ఎత్తలేదు. దాని మీది ఎర్ర అక్షరాలు అలాగే ఉన్నాయి, ఇప్పటికీ ఉన్నాయి.

పెద్దమ్మ బయటికి రాకూడదు కాబట్టి ఫోనులో ఫోటో తీసుకెళ్లి చూపించాను. ముందు పెద్దనాన్న ముఖం చూసింది. బొట్టు సరిగ్గా వచ్చిందంది. తర్వాత పక్కకు జరిపి తెర దగ్గర ఆగింది. పెద్దది చెయ్యమంది. వేళ్లతో పెద్దది చేసి చూపించాను.

"తప్పులు కనవడుతున్నయా?"

"కనవడుతున్నయి పెద్దమ్మా."

"రోడ్డు మీదకెళ్లి గూడ?"

"రోడ్డు అవతలికెళ్లి గూడ."

ఫోను నా చేతికి ఇచ్చేసి, వంటింటి వైపు వెళ్తూ గడప దగ్గర ఆగింది.

"ఆయనుంటే మళ్లా కొట్టు అంటుండె" అంది.